మధ్యలో ఎగిరిపోయే ఫలితాలు

రక్తపరీక్షల ల్యాబుకు ప్రోగ్రాములు రాసే ఆమెకు మూడు వారాలుగా ఒకటే తలనొప్పి. ఆమె ప్రోగ్రాము ఒక్కో రోగి ఫలితాన్నీ వరసగా ఒకే ఫైల్లో రాస్తుంది. అన్నీ సవ్యంగా సాగుతుండగా ఎక్కడో ఒకటి రాయలేక చతికిలబడుతుంది. మళ్లీ నడిపితే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ఫలితాలను ఒక్కొక్కటిగా రాయించే లూపును, అంటే ఆ పనినే మళ్లీ మళ్లీ చేయించే భాగాన్ని, నాలుగుసార్లు తిరగరాసింది. కళ్లు మండాయే తప్ప తప్పు దొరకలేదు.

చివరికి కాళ్లీడ్చుకుంటూ కింది అంతస్తులోని ల్యాబుకు వెళ్లింది. అందరూ బాబాయ్ అని పిలిచే పెద్ద టెక్నీషియన్ తన కంప్యూటర్లో ఆ ఫైలే తెరిచి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఫోనొచ్చింది, ప్రోగ్రాము ఆగిపోయిందని.

"బాబాయ్, అదెందుకు తెరిచారు?"

"రోజూ ఓసారి చూసుకుంటాను తల్లీ. కొన్ని ఎగిరిపోతున్నాయని తెలిశాక గంటగంటకీ కాపలా కాస్తున్నా."

ఆయన తెరిచి ఉంచినంతసేపూ ఫైలుకు తాళం పడి, ప్రోగ్రాము అందులో రాయలేకపోతోంది. కోప్పడే ఓపిక కూడా ఆమెకు లేదు. "కంచే చేను మేసిందన్నమాట" అని నవ్వబోయి ఆవలించింది.

ఆయన చూసుకోవడానికి వేరే నకలు పెట్టింది. ఫైలుకు తాళం పడి ఉంటే కాసేపాగి మళ్లీ ప్రయత్నించమని లూపులో రాసింది. సాయంత్రం దాకా ఒక్క ఫలితమూ పోలేదు.

ఇంట్లో అమ్మ, "ఏమైందే, దొరికిందా?" అంది.

"దొరికిందమ్మా," అని చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది.