సుభాషిణి ఇచ్చిన నంబరు

పన్నెండేళ్లు మా వరుస ఇళ్లకంతా చెప్పిన మాట, "ఒక్క నిమిషం ఆగండి, పిలుస్తా" అన్నది, ఆ ఒక్క సాయంత్రం నా నోటికి ఎందుకు రాలేదు? ఇరవై ఏళ్లు దాటిపోయాయి. పక్క మీద పడుకుని ఇప్పటికీ అడుగుతూనే ఉంటాను. రకరకాల జవాబులు వస్తాయి, ఒక్కటీ నిలవదు.

మహారాష్ట్ర చంద్రపూర్‌లోని లాల్‌పేటలో మా వరుస మొత్తానికి ఫోను మా ఇంట్లోనే ఉండేది. బొగ్గుగని స్టోరులో గుమాస్తాగా ఉన్నప్పుడు పెట్టించుకున్నాను. పెట్టించిన నెలకే అది నాది కాకుండా పోయింది. ఎదురింటి పోశన్నకు మంచిర్యాల నుంచి అల్లుడు చేసేవాడు. ఇంకొకరికి సాస్తి గని నుంచి తమ్ముడు చేసేవాడు. అందరూ పెళ్లి కార్డుల మీద, బడి ఫారాల మీద మా నంబరు వేసి పక్కన పి.పి. అని రాసేవారు. అంటే పక్కింటి ఫోను, అడిగితే మనిషిని పిలుస్తారని. పిలవడం నా పని. చదువుతున్న పుస్తకం బోర్లా పెట్టి గుమ్మంలో నిలబడి కేకేసేవాణ్ణి. మా ఇంటావిడ సత్తమ్మ, "రిటైరైనంక మంచి నౌకరీ దొరికింది నీకు" అని దెప్పేది.

సుభాషిణి మాకు నాలుగో ఇల్లు. వాళ్ల నాన్న శంకరయ్య గనిలో పనికి తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే పోయాడు. తల్లి అంతకు ముందే పోయింది. తమ్ముడు రమేష్ పెళ్లి చేసుకుని ఘుగ్గుస్‌లో ఉండేవాడు. ఆమె మాత్రం తండ్రికి గనివాళ్లు ఇచ్చిన క్వార్టరు పక్కన వేసుకున్న రెండు గదుల్లో ఒంటరిగా ఉండిపోయింది. నేను చెబుతున్న సంవత్సరం, రెండువేల రెండులో, ఆమెకు ముప్పై ఆరు. జట్‌పురా గేటు దగ్గర బాలకిషన్ సేటు బట్టల దుకాణం మీది అంతస్తులో టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. అక్కడ పద్నాలుగేళ్లు టైపు నేర్పింది. కింద చీరలు చూసుకునేవాళ్ల నెత్తి మీద పొద్దస్తమానం పన్నెండు మిషన్లు టకటకలాడేవి. కళ్లు మూసుకుని విని, మూడో మిషన్ మీద ఎవరో చిటికెన వేలు వాడడం లేదని చెప్పేదట.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పన్నెండు మిషన్లకు నలుగురు మిగిలారు. బాలకిషన్ సేటు ఒకరోజు పైకి వచ్చి, "అమ్మా, నెలాఖరుకు మిషన్లు తీసేస్తున్న. గోదాం చేస్తా" అన్నాడు. రమేష్ అప్పటికే అక్క కోసం ఘుగ్గుస్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర పని మాట్లాడి పెట్టాడు. వచ్చే లారీలకు చిట్టీలు రాయడం. వాళ్లింట్లోనే ఒక మూల ఉండడం.

ఆ పని ఆమెకు ఇష్టం లేదు. ఇన్‌స్టిట్యూటులో ఆమె దగ్గర నేర్చుకున్న వైశాలి అనే అమ్మాయి గాంధీ చౌక్‌లో నెట్ కేఫ్ నడిపేది. అక్కడ కూర్చుని సుభాషిణి ఒక వెబ్‌సైటు తయారు చేసింది. టైపు పాఠాలు. ఏ వేలు ఎక్కడ పెట్టాలి, మణికట్టు ఎలా ఉండాలి, ఏ తప్పుకు ఏ అభ్యాసం, పద్నాలుగేళ్లలో చూసిన తప్పులన్నీ. టైపు నేర్పే సాఫ్ట్‌వేర్లు అమ్మే అమెరికా కంపెనీలు ఒక నెట్‌వర్కులో ఉన్నాయనీ, అందులో చేర్చుకుంటే తన పేజీ మీదుగా వెళ్లి కొన్నవాళ్ల మీద కమీషన్ వస్తుందనీ వైశాలి కనిపెట్టి చెప్పింది. దాన్ని అఫిలియేట్ అంటారు.

"అంటే దలాలీయే గదనే" అంది సత్తమ్మ. "కోర్పన మార్కెట్ల పత్తికి చేస్తరు సూడు, గట్లనే. దానికి గింత పరీక్షెందుకు?"

"మార్కెట్ల దలాల్‌నైనా ఉత్తగ రానిస్తరా చిన్నమ్మా? ఎవలో ఒకలు, ఈయన నాకు తెలుసు అనాలె గదా" అంది సుభాషిణి.

ఆ మాట అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

మొదటిసారి దరఖాస్తు పెడితే వారంలో తిప్పికొట్టారు. సైటులో రెండు పేజీల మీద ‘త్వరలో వస్తుంది’ అని రాసి వదిలేసింది. సగం కట్టిన ఇంటికి చుట్టాలను పిలుస్తారా? పదిరోజులు కూర్చుని ఆ పేజీలు నింపింది. రెండోసారీ తిప్పికొట్టారు. ఉచితంగా దొరికే చోట పెట్టిన సైటు కుదరదట, సొంత పేరుతో అడ్రసు ఉండాలట. నాగ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తున్న పాత విద్యార్థి ఒకతను తన క్రెడిట్ కార్డు మీద ఆ అడ్రసు కొనిపెట్టాడు. తిరిగి వచ్చిన ప్రతి జవాబునూ ఒక నోటుబుక్కులో ఎక్కించుకునేది. ఎడమ పక్క వాళ్లేమన్నారో, కుడి పక్క తానేం చేసిందో.

ఆ నోటుబుక్కు పట్టుకుని నా దగ్గరికి వచ్చేది. ఆమెది మరాఠీ బడి చదువు. తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం కూడబలుక్కోవాలి. ఇంగ్లీషు అయితే అక్షరం తప్పకుండా కొడుతుంది, అర్థం మాత్రం సగమే అందుతుంది. మా గోడ నిండా ఉన్న ఇంగ్లీషు పుస్తకాలు చూసి, "కాకకు ఇంగ్లీషు మొత్తం వచ్చు" అని వాడంతా చెప్పేది. నిజమే, చదవడం వచ్చు. నలభై ఏళ్లు చదివాను. నలుగురితో మాట్లాడింది లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

మూడో దరఖాస్తు మా ఇంట్లోనే కూర్చుని ముందు చేత్తో రాశాం. ఈ పనిలో మీ అనుభవమెంత అని ఒక ప్రశ్న. అయిదేళ్లని వేసెయ్, ఎవరు చూస్తారని వైశాలి అందట. సుభాషిణి నా మొహం చూసింది. "ఉన్నదే రాయి" అన్నాను. ‘టైపు నేర్పడంలో పద్నాలుగేళ్లు, ఈ పనిలో ఒక్కరోజూ లేదు’ అని రాసింది. ఫోన్ నంబరు గడిలో మా నంబరు వేసి పక్కన పి.పి. అని పెట్టబోతే కంప్యూటరు ఒప్పుకోలేదట. నవ్వుకుంటూ వచ్చి చెప్పింది. "వాళ్లకు పి.పి. అంటే సమజ్ కాదు కాకా. ఫోన్ ఎవలింట్ల ఉంటే ఆ మనిషి గాడ్నే ఉంటరనుకుంటరు."

ఈసారి తిప్పికొట్టలేదు. మీతో ఫోన్లో మాట్లాడి నిర్ణయిస్తాం, సోమవారం నుంచి బుధవారం లోపు మీ సాయంత్రం ఏడున్నర తొమ్మిది మధ్య చేస్తాం అని మెయిలు వచ్చింది. ఆ శనివారమే నెలాఖరు. ఆమె ఆ కాగితం పట్టుకుని బాలకిషన్ సేటు దగ్గరికి వెళ్లింది. వాళ్లు చేర్చుకుంటే సగం గది, రెండు మిషన్లు, ఒక పాత కంప్యూటరు కిరాయికి ఇస్తానని ఆయన ఒప్పుకున్నాడు. "లేకుంటే మాత్రం శనివారం టెంపో వస్తది బిడ్డా" అన్నాడట.

ఆదివారమంతా రిహార్సల్ చేశాం. నేను అమెరికావాణ్ణి. ఏమేం అడగొచ్చో కాగితం మీద రాసుకుని చదివేవాణ్ణి, ఆమె జవాబులు చెప్పేది. మీ సైటుకు మనుషులు ఎలా వస్తారు? ఎవరి మెయిల్ బాక్సుల్లోనైనా అడగకుండా ఉత్తరాలు పడేస్తారా? సత్తమ్మ బియ్యం ఏరుతూ, "అమెరికోడు లుంగీ ఎప్పుడు కట్టిండే?" అంది. సుభాషిణికి చాయ్ పొలమారింది. మూడోసారికి తడబడకుండా చెప్పేసింది. ఆ గొంతులో బెరుకు పోవడం నేను విన్నాను. అప్పుడు నాకు కలిగింది సంతోషమేనా? ఇది కూడా తేలని సంగతే.

సోమవారం ఏడింటికే వచ్చి ఫోన్ పక్కన స్టూలు మీద కూర్చుంది, నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని. రెండుసార్లు మోగింది. రెండూ పోశన్నకే. "నీ అల్లునికి ఇంకో పని లేదా మామా? లైన్ ఖాళీ ఉంచమను" అని సుభాషిణి బతిమాలుకుంది. మంగళవారం కరెంటు పోయింది. చీకట్లో ముగ్గురం ఫోను వైపే చూస్తూ కూర్చున్నాం. మోగలేదు. సత్తమ్మ రెండుమార్లు రిసీవరెత్తి డయల్ టోన్ ఉందో లేదో చూసింది. "ఎత్తకు చిన్నమ్మా, గప్పుడే చేస్తే ఎంగేజ్ వస్తది" అని సుభాషిణి చెయ్యి పట్టుకుంది.

బుధవారం ఎనిమిదయినా రాలేదు. వీధిలో నల్లా వచ్చిందని అరిచారు. రెండురోజులుగా ఆమె ఇంట్లో నీళ్లు లేవు. లేచి, కూర్చుని, మళ్లీ లేచింది.

"రెండు బిందెలు పట్టుకొని ఉరికొస్తా కాకా. గీడ్నే గదా. వస్తే ఒక్క కేక వెయ్యి."

"వేస్తాలే, పో."

నల్లా మా గుమ్మానికి యాభై అడుగులు. బిందెలో నీళ్లు పడే చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. అప్పుడు మోగింది.

ఆడగొంతు. ఊపిరి తీసుకోకుండా నాలుగు వాక్యాలు చెప్పింది. పుస్తకంలో అయితే ఒక్క చూపులో చదివేసే వాక్యాలే. చెవికి మాత్రం ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి. సుభాషిణి పేరు నాకు పట్టుబడలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కాని పట్టుబడింది. ఆవిడ దాన్ని ఎంత వంకర తిప్పినా పట్టుబడింది. రిసీవరు ఇంకో చెవికి మార్చుకున్నాను. ఆవిడ ఆగి, ఈసారి నెమ్మదిగా, విడివిడిగా, "మీరెవరు?" అని అడిగింది.

"రాంగ్ నంబర్" అన్నాను. పెట్టేశాను.

వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో సత్తమ్మ నిలబడి ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆ రెండు ముక్కలు మాత్రం ఫోనున్న ఇంట్లో ఎవరికి తెలియవు?

మళ్లీ మోగుతుందనుకున్నాను. మోగితే ఈసారి కేకేద్దామనుకున్నాను. మోగలేదు.

సుభాషిణి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "వచ్చిందా కాకా? మోగినట్టనిపించింది."

"లేదు" అన్నాను.

ఆమె సత్తమ్మ వైపు చూసింది. "మీ కాకనే అడుగు" అని సత్తమ్మ లోపలికి పోయింది. గిన్నె ఒకటి గట్టిగా చప్పుడైంది. సుభాషిణి తొమ్మిదిన్నర దాకా స్టూలు మీదే కూర్చుంది. వెళ్తూ నోటుబుక్కు ఫోను పక్కనే వదిలి, "ఒకవేళ పొద్దుగాల చేస్తరేమో" అంది.

గురువారం మధ్యాహ్నం ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. వైశాలి అచ్చు తీసిచ్చిన మెయిలు. "ఏమంటుండ్రో జర చదివి చెప్పు కాకా."

నాలుగే వరుసలు. మీరిచ్చిన నంబరుకు చేశాం. ఎత్తిన వ్యక్తి అది తప్పు నంబరని చెప్పారు. మీరిచ్చిన వివరాలను నమ్మడానికి వీల్లేదు గనుక దరఖాస్తు మూసివేశాం. ఇదే పేరు మీద మళ్లీ పెట్టవద్దు.

కాగితం వంక చూస్తూ, "లైను కలవలేదని రాసిన్రు" అన్నాను.

"గట్లనా" అంది. కాగితం నా చేతిలోంచి మెల్లగా తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. "కలవలేదా. సరే కాకా."

ఆమె వెళ్లాక సత్తమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "పద్నాలుగేండ్లు అచ్చరం అచ్చరం కొట్టిన పిల్ల. రాంగ్ నంబరని రాసి ఉంటే చదువుకోలేదా? నువ్వేమంటవో సూద్దామని తెచ్చింది."

శుక్రవారం వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాను. తాళం. ఇన్‌స్టిట్యూటుకు వెళ్లాలనుకుని చౌరస్తా దాకా పోయి తిరిగొచ్చాను. శనివారం పొద్దున పదింటికి ఆమే వచ్చింది. చేతిలో రెక్సిన్ బ్యాగు. దాన్ని గడప పక్కన పెట్టి లోపలికొచ్చింది. మిషన్లు టెంపోలో ఎక్కించారట. పన్నెండు మిషన్లకూ మూతలు వేసి, రిబ్బన్లు బిగించి తానే అప్పగించిందట. ఘుగ్గుస్ బస్సు పదకొండుకు.

"నోటుబుక్కు తీసుకపోదామని వచ్చిన" అంది. సత్తమ్మ చాయ్ ఇస్తే నిలబడే తాగింది. నా మొహం మామూలుగానే చూసింది, కోపం లేదు. కోపమన్నా ఉంటే బాగుండేది.

గొంతు సవరించుకున్నాను. "సుభాషిణీ, ఆ బుధవారం నాడు..."

ఫోను మోగింది.

నేను లేవలేదు. లేవలేకపోయాను. రెండోసారి, మూడోసారి. ఆమె ఫోను వైపు, నా వైపు చూసింది. చాయ్ గ్లాసు కిటికీలో పెట్టి రిసీవరెత్తింది.

"హలో. ఆఁ, లాల్‌పేటనే. ఉన్నడు. ఒక్క నిమిషం ఆగుండ్రి, పిలుస్తా."

రిసీవరు తీసి మెత్తగా నోటుబుక్కు మీద పెట్టింది. గుమ్మంలోకి వెళ్లి, "పోశన్న మామా! ఫోన్! మంచిర్యాల నుంచి!" అని కేకేసింది. ఆ కేక చివరి ఇంటిదాకా వినబడి ఉంటుంది.

పోశన్న చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి రిసీవరందుకున్నాడు. అల్లుడితో బర్రె ఈనిన సంగతి చెప్పుకుపోతున్నాడు. నేను గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన మాట అయిపోయేసరికి ఆమె లోపలికొస్తుంది, అప్పుడు చెప్పేద్దాం అనుకున్నాను. ఈసారి ఒక్క మాట కూడా తగ్గించకుండా చెబుదామనుకున్నాను.

పోశన్న ఫోను పెట్టేశాడు. నోటుబుక్కు చూసి, "ఇది సుభాషిణిది గదా?" అన్నాడు.

"ఆమె బయట ఉందా?"

"ఏడున్నది? నన్ను పిలుసుకుంటనే బ్యాగెత్తుకుంది. నేను గడప ఎక్కేసరికి మూల తిరిగింది."