అతుకు వేసిన చెయ్యి

మా యారాలు కౌసల్యమ్మ మంచిది. ఈ మాట ముందుగాలనే చెప్పేస్తున్న, తర్వాత నా నోట్లకెళ్లి వస్తదో రాదో. గద్వాలల మా గల్లీల ఎవరినడిగినా గిదే మాట చెప్తరు. నేను గూడ చెప్త. చెప్పేటప్పుడు కడుపుల మండుతది, గది వేరే సంగతి.

అమరచింతల పుట్టింది. మా మరిది వెంకటన్నను చేసుకొని మా ఇంటికి వచ్చేనాటికి ఆమెకు పద్దెనిమిదేండ్లు. నేను అప్పటికే ఆరేండ్ల పాత కోడల్ని. వచ్చిన మూడోనాడే గుంట మగ్గంల కాళ్లు పెట్టి కూసున్నది. మా అత్త పక్కన నిలబడి చూసి, "పిల్ల చెయ్యి సాఫ్ ఉన్నదే" అన్నది. ఆరేండ్లల్ల నా చెయ్యి గురించి మా అత్త ఒక్క మాట అంటే ఒట్టు. అత్త పోయి కూడా మస్తు యేండ్లైంది. గా మాట మాత్రం ఇంక నా చెవుల నుంచి పోలే.

నా మగ్గం పదేండ్ల కిందనే తీసేసినం. మా ఆయన బుచ్చన్నకు నడుము పడిపోయింది, ఒక్కదాన్ని నేసుడు నాతోని కాలే. అప్పటిసంది నా పని అతుకు పెట్టుడు. తెల్వనోళ్లకు చెప్త వినున్రి. గద్వాల చీరంటే ఒళ్లంత నూలు, అంచూ కొంగూ పట్టు. ఒళ్లు నేసుడు ఒడిసిన కాడ, మగ్గం మీది నూలు పోగులకు కొంగు పట్టు పోగులు ఒక్కొక్కటి కలిపి మెలెయ్యాలె. వేళ్లకు జర బూడిద రాసుకొని మెలేస్త. వేల పోగులుంటయి, ఒక్కటి అటిటు కావద్దు. చీర కట్టుకున్నామె వేలు పెట్టి తడిమినా అతుకు దొరకొద్దు. దొరికిందంటే పెట్టినోళ్లకు పని రాదన్నట్టే. మా గల్లీల ఉన్న మగ్గాలన్నిటికీ నేనే పెడ్త.

పోయినేడు దసరా అయినంక యూనివర్సిటోళ్లు వచ్చిన్రు. ఇంతకు ముందు వేరేటోళ్లు గూడ శానా మంది వచ్చిండ్రు. ఫోటోలు దిగుతరు, చీర ముక్కలు అడుక్కుంటరు, మళ్ల వస్తమంటరు, పోతరు. ఒక్కడన్న మళ్ల మొకం చూపియ్యలే. గీ మల్లికార్జున్ సార్ మాత్రం గట్ల కాదు. కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూసున్నడు. "మేం మీకు చెప్పెటందుకు రాలేదమ్మా, నేర్చుకునెటందుకు వచ్చినం. మా పిల్లలు ప్రతి శనివారం మీ ఇంటికే వస్తరు. మీరే గురువులు, మీరేసిన మార్కులే మార్కులు" అన్నడు. వింటుంటే నా పానం లేచి వచ్చింది.

తర్వాత అడిగిండు, "ఈ ఇంట్ల ఎవరు నేస్తరమ్మా?" అని.

కౌసల్య మగ్గం మీదనే ఉన్నది. "నేను సార్" అన్నది. గప్పుడే నేను చాయ్ పట్టుకొని అర్రలకెళ్లి వచ్చిన. సార్ ఒక గుక్క తాగి, "చాయ్ మస్తుందమ్మా" అన్నడు నాతోని. గంతే. నా సంగతి చాయ్ కాడనే ఒడిసింది.

నెల తిరగకుండ మా దర్వాజకు బోర్డు కొట్టిన్రు. 'చేనేత పాఠం, గురువు: కౌసల్యమ్మ' అని. మా రెండు కుటుంబాలకు గదొక్కటే దర్వాజ. పొద్దుగాల నీళ్లకు పోతే బోర్డు, కూరగాయలకు పోతే బోర్డు, ఊడ్సుకుంట తల పైకెత్తితే బోర్డు. పేపర్ల ఫోటో గూడ పడ్డది. కౌసల్య నడుమ నవ్వుకుంట నిలబడ్డది, సుట్టూ పిల్లలు. పక్కన నా మోచెయ్యి పడ్డది. మా ఆయనకు చూపిస్తే, "నీ మోచెయ్యి మంచిగ పడ్డదే" అన్నడు. రెండ్రోజులు మాట్లాడలే ఆయనతోని.

అతుకు పెట్టెటందుకు ఒక దినమంత పడుతది. వారం నడుమల పెడ్త. శనివారం పిల్లలు వచ్చేటాళ్లకు మగ్గం తయారుగ ఉంటది. అదెట్ల తయారైందో ఒక్కరు అడగలే. కౌసల్య మాత్రం ఒకపారి అన్నది, "అక్కా, నువ్వు గూడ కూసో, అతుకు నేర్పియ్యి పిల్లలకు" అని. "నేనేం గురువునా తల్లీ, చాయ్ పెట్టుకునేదాన్ని" అన్న. అబద్ధమెందుకు, ఇంకొకపారి బతిమాలితే కూసుందునేమో. ఆమె బతిమాలలే.

ఆ పిల్లలల్ల వర్ష అని ఒకతి ఉండేది. బిజినేపల్లి పిల్ల. వాళ్లమ్మ సారమ్మ పత్తి ఏరుతది, నాట్లకు పోతది. ఆదివారం చర్చికి పోవాలె గనక శనివారమే పొద్దుగూకేదాంక మగ్గం ఇడిసేది కాదు. కౌసల్యను అమ్మా అంటది, నన్ను పెద్దమ్మా అంటది. నేనంటే మంచిగనే ఉండేది, కానీ కండ్లన్నీ కౌసల్య చేతుల మీదనే.

ఎండకాలం వచ్చే ముందల సార్ వచ్చి చెప్పిండు. పిల్లలు నేసిన చీరకు కొంగు మొదలుపెట్టే దినం యూనివర్సిటీ పెద్ద సార్ వస్తుండట. వర్ష కొంగు నేస్తది. మంచిగైతే వచ్చే యేడు గూడ పాఠం మా గల్లీలనే. కాకపోతే కాలేజీలనే మగ్గం పెట్టుకుంటరట, ఇటు రారట. పోయేముందు మెల్లగ అన్నడు, కౌసల్యమ్మకు శాలువా కప్పుతమని.

శాలువా! ఓయమ్మో, గా మాట వినంగనే నా ఒళ్లు భగ్గుమన్నది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటరు. మరి ఇద్దరం ఒక్క పెరట్ల చెట్లమే గదా, ఆమెట్ల పనికొచ్చింది?

గురువారం అతుకు పెట్టెటందుకు కూసున్న. కౌసల్య బజారుకు పోయింది, మగ్గం కాడ ఎవరు లేరు. ఎడమ దిక్కు అంచు దగ్గర ఇరవై పోగులు తారుమారు చేసి మెలేసిన. కావాల్ననే చేసిన. పట్టు చిక్కుకుంటది, పుటపుట తెగుతది, కౌసల్య అందరి ముందల ఒక్క గడియ తల దించుకుంటది, గంతే అనుకున్న. వర్ష గురించి గానీ గల్లీ గురించి గానీ నాకు యాదికే రాలే. కుళ్లు పుట్టినంక మనిషికి ఒక్క మొకమే కనపడతది.

శనివారం ఇల్లంత మంది. పెద్ద సార్ వచ్చిండు, గల్లీ ఆడోళ్లంత గడప దాంక వచ్చి నిలబడ్డరు. వర్ష మగ్గంల కూసొని కింది కర్ర కాలితోని తొక్కింది. పోగులు పైకీ కిందికీ ఇడిపోయి తెరుసుకోలే. ఇంకోపారి తొక్కింది. పట్టు తెగిన సప్పుడైంది. మూడోపారికి గుప్పెడు పోగులు తెగి యాలాడినయి.

"నా తప్పేనా అమ్మా?" అని ఏడ్సింది వర్ష. మల్లికార్జున్ సార్ మొకం నల్లగైంది. పెద్ద సార్ గడియారం చూసుకున్నడు.

కౌసల్య గుంటలకు దిగి పోగులు దూరే అచ్చు చూసింది, కిందికి వంగి తాళ్లు చూసింది. నా పక్కకు వచ్చి చెవుల అన్నది, "అక్కా, అతుకు కాడ చూసే పనే లేదు, అది నీ చెయ్యాయె. నా అచ్చులనే ఏందో తప్పు పడ్డది. జర నువ్వు గూడ చూడవా?"

నేను అచ్చు దిక్కు వంగి చూసినట్టు చేసిన.

గంతల వర్ష కండ్లు తుడుసుకొని ఒక్కొక్క పోగు లెక్కపెట్టుకుంట మగ్గం ఎనుక దిక్కుకు పోయింది. కౌసల్యే నేర్పింది గట్ల లెక్కపెట్టుడు. "సార్, ఇక్కడ పోగులు తారుమారైనయి. ఇరవై ఉన్నయి" అన్నది.

పెద్ద సార్ లేచి వచ్చి వంగి చూసిండు. "ఈ అతుకు ఎవరు పెట్టిన్రు?" అన్నడు.

ఆరు నెలలసంది గీ ఒక్క మాట కోసం చూసిన. ఈ అతుకు ఎవరిదని ఒక్కరన్న అడుగుతరేమోనని ప్రతి శనివారం చాయ్ గిలాసలు పట్టుకొని నిలబడ్డ. ఇగో, ఇయ్యాల అడిగిన్రు.

కౌసల్య నా మొకం చూసింది. ఒక్కసారే చూసింది. ఆమెకు తెలిసిపోయింది. మళ్ల పెద్ద సార్ దిక్కు తిరిగి, "నేనే సార్. తొందరల పెట్టిన" అన్నది.

గప్పుడు నాకు సిగ్గు రావాలె గదా? రాలే. మళ్ల గదే మంట! మగ్గం ఆమెది, బోర్డు ఆమెది, శాలువా ఆమెది, పిల్లలు ఆమెకే అమ్మా అంటరు. ఆఖరికి నా తప్పు గూడ ఆమెకేనా?

"కాదు!" అని ఒర్లిన. గడప కాడ ఆడోళ్లు ఉలిక్కిపడ్డరు. "అతుకు నాది. ఈ గల్లీల అన్ని మగ్గాలకు నేనే పెడ్త. పొరపాటు కాదు, కావాల్నని చేసిన."

నేనెవరి మొకం చూడకుంట పోయి మగ్గం ఎనుక కూసున్న. బూడిద రాసుకొని తప్పుడు అతుకులు విప్పి, తెగినవి కలిపి, ఒక్కొక్కటి మళ్ల మెలేసిన. కౌసల్య పక్కన కూసొని పోగులు అందిచ్చింది. తిట్టినా బాగుండు. పిల్లలంత మెల్లగ సుట్టూ చేరిన్రు. పెద్ద సార్ గూడ చాప మీద కూసున్నడు.

"ఆరు నెలల్ల ఈమె దగ్గర ఒక్క పాఠం లేదా?" అన్నడు మల్లికార్జున్ సార్‌తోని.

"మేం అడగలేదు సార్" అన్నడు సార్, తల దించుకొని.

వర్ష మళ్ల కర్ర తొక్కింది. ఈపారి పోగులు సాఫ్‌గ తెరుసుకున్నయి, కొంగు ఎర్రగ ముందుకు వచ్చింది. పోయేటప్పుడు పెద్ద సార్, వచ్చే యేడు గూడ శనివారం పిల్లల బండి ఎప్పటిలెక్కనే వస్తదన్నడు, ఈసారి పాఠం అతుకు కాడికెళ్లి మొదలు కావాలన్నడు. శాలువా సంగతి ఎవరు ఎత్తలే. నాకెట్లయినా లేదు, ఆమెకు గూడ నేను దక్కనియ్యలే.

అందరు పోయినంక వర్ష నోటుబుక్కు తీసి నా ముందల కూసున్నది. ఇయ్యాల పోగులు ఎందుకు తెగినయో రాసుకోవాలెనట. "తారుమారు అతుకు" అని రాసి ఆగింది.

"పెద్దమ్మా, ఇన్ని దినాలైంది, నీ పేరే నాకు తెల్వదు" అన్నది.

"లలితమ్మ అని రాసుకో బిడ్డా" అన్న.

రాసుకున్నది. గా పేజీల కౌసల్య పేరు లేదు. ఒక్క నా పేరే ఉన్నది, తప్పు కింద.