జోడీగా తెచ్చిన టెట్రాలు

సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చేసరికి మా ఏంజెల్ చేప చచ్చిపోయి అక్వేరియంలో తేలుతోంది. పొడుగాటి రెక్కలు పీలికలైపోయాయి. పాపం ఒక్కతే ఉందని పోయిన వారం నేను తెచ్చిన రెండు నల్ల టెట్రా చేపలు అప్పటికీ దాని తోక కొరుకుతూనే ఉన్నాయి. వారమంతా అవి దాని వెంట తిరుగుతుంటే ఆడుకుంటున్నాయనుకుని వీడియో కూడా తీశాను.

వాటిని తిట్టుకుంటూ, మరమగ్గాల పేట ఉధ్నాలో వాటిని కొన్న దుకాణానికి వెళ్లాను. యజమాని మల్లేశం సిరిసిల్లవాడు, మగ్గాల పని మానేసి చేపలమ్ముతున్నాడు.

"ఎన్ని తీస్కపోయిన్రు మేడం?"

"రెండు. జోడీగా ఉంటాయని."

"జోడీ ఏంది మేడం, గివేమన్న పావురాలా? కనీసం ఎనిమిదన్న ఉండాలె. మా రూముల పదిమందిమి ఉంటం. మాలో మేమే కొట్లాడుకుంటం, పక్కోళ్ల జోలికి పోం. గివి గూడ గంతే."

నా తిట్లు వెనక్కి తీసుకుని ఇంకో ఆరు తెచ్చాను. ఇప్పుడు ఎనిమిదీ ఒకదాన్నొకటి తరుముకుంటూ హాయిగా ఉన్నాయి. కాపాడుకోవడానికి ఏంజెలే లేదు.

మీరైతే ఆ వీడియో ఉంచుకుంటారా, చెరిపేస్తారా? అందులో ఏంజెల్ పారిపోతుంటే, వెనక నా నవ్వు వినిపిస్తోంది.