పెన్‌డ్రైవులకు హారతిచ్చిన దసరా

నాకు అక్షరాలు కూడబలుక్కుంటనే వస్తయి. కంప్యూటర్లను మాత్రం మొకం జూసి గుర్తువడ్త. నాచారంల మా ఆయన నడిపిన జిరాక్స్ సెంటర్ల అవి రెండుండె. ఒకటి తెరిస్తే నాలుగు పలకల కిటికీ వస్తది, అది విండోస్. మూలకున్న పాతదాన్ని తెరిస్తే తెల్లకడుపు పక్షి వస్తది, అది లైనక్స్.

మా ఆయన పోయినంక ఇంటోళ్లు పంచాతి వెట్టిన్రు. "ఏడాది నడుపు. నడవకుంటే షట్టర్ మరిదికియ్యి, కర్రీ పాయింట్ పెట్టుకుంటడు" అన్నరు. చదువురానిదాన్ని, ఎట్లా నడపలేనని వాళ్ల ధీమా.

దసరా వచ్చింది. మా అమ్మగారింట్ల కొడవలికి బొట్టు వెట్టినంక దానితోని ఒక్క గడ్డిపోసనన్న కోయిస్తరు. పూజైన పనిముట్టు ఆ పూట పని జెయ్యాలె. నేను గూడ కంప్యూటర్లకు పసుపు కుంకుమ వెట్టిన. గిరాకోళ్లు మర్సిపోయిన పెన్‌డ్రైవులు డబ్బాల ఏడో ఎనిమిదో ఉండె. అవి పనిముట్లు గావా? పళ్లెంల వెట్టి హారతిచ్చిన. ఒక్కొక్కదాన్ని కిటికీ మిషిన్‌కు గుచ్చి, లోపటున్నదాన్ని నొక్కి తెరిసిన. నల్లదొకటి ఉండె. దాన్ల ఫోటో లెక్క కనవడ్డదాన్ని నొక్కితే ఏమీ రాలే. ఇదేం పనిముట్టని పక్షి మిషిన్‌కు గుచ్చి గదే నొక్కిన. ఇది నాతోని తెరుసుకోదని అది రాసి చూపిచ్చింది.

తెల్లారి కిటికీల కాయితాలన్నీ తాళాలు వడ్డయి. ఫ్యాక్టరీ పిల్లల బయోడేటాలు, దరఖాస్తులు, ఒక్కటి తెరుసుకోలే. మరిది ఉరికొచ్చిండు.

"బొట్టు వెడ్తే దేవుడొచ్చి కాపలుంటడా వదినా?"

"నీ కూర గంజుల కాడ ఉంటడా మరి?"

ఉప్పల్ నుంచి మెకానిక్‌ను పిలిపిచ్చిన. సూసి నవ్విండు.

"దొంగ ఆ నల్లదాన్లనే ఉన్నడక్కా. వాడు కిటికీ ఇండ్లకే మారు తాళంచెవి జేస్కున్నడు. ఊర్ల ఎక్కువ అవే గద. పక్షి ఇంటికి ఆ చెవి పట్టలే."

"అంటే పక్షి గట్టిదా?"

"గట్టిదే. లోపట ఏం మార్చాలన్నా పాస్‌వర్డ్ అడుగుతది. కానీ దానికి చెవి జేసే దొంగలు గూడ ఉంటరు. ఇగ కిటికీకి బావ పాస్‌వర్డే పెట్టలే, ఎవ్వలు కూసున్నా ఇంటాయన లెక్కనే. స్లో అయితదని అప్‌డేట్లు గూడ బందు వెట్టిండు."

మరిది అందుకున్నడు. "ఇన్నవా? ఇగ షట్టర్ గుంజు."

"ఎందుకు గుంజాలె? గడియ వెట్టనిది మీ అన్న. దొంగకు హారతిచ్చి లోపటికి తోల్కొచ్చింది నేను. నా తప్పు ఒప్పుకుంటున్న. ఒప్పుకున్నోళ్లంత షట్టర్లిచ్చుకుంట పోతే నీకు ఊరంత కర్రీ పాయింట్లే!"

"అయితే రెండిట్ల పక్షినే ఎక్కియ్యి" అన్నడు మరిది.

"ఎక్కియ్య. ఆధార్ పనికొచ్చినోళ్లు ఏలు వెట్టే ఏలిముద్ర మిషిన్ కిటికీతోనే నడుస్తది. కిటికీ ఇల్లు, పక్షి వాకిలి, రెండూ గావాలె."

కిటికీని మెకానిక్ కొత్తగ ఎక్కిచ్చిండు. పాస్‌వర్డ్ నేనే పెట్టిన, మా ఆయన పేరు మాత్రం కాదు. గిరాకోళ్లకు వేరే ఖాతా. అప్‌డేట్ అడిగితే ఎంతసేపైనా ఆగుత. శనివారం శనివారం అన్ని కాయితాలు ఒక డిస్క్‌ల ఎక్కిచ్చి, ఇంట్ల బియ్యం డబ్బాల వెడ్త. పోయినయి మాత్రం పోయినయే. కాయితాలు పోయినోళ్లకు మొకం మీదనే చెప్పిన. ఇద్దరు తిట్టిన్రు, పడ్డ. ఇగ ఎవ్వల పెన్‌డ్రైవైనా ముందుగాల పక్షి కాడ కాళ్లు కడుక్కోవాలె. కావల్సిన కాయితం ఒక్కటే తీసి కిటికీకి పంపుత.

ఏడాది నిండిన నాడు మరిదే వచ్చిండు, పెన్‌డ్రైవ్ పట్టుకొని. లాలాపేట్‌ల కర్రీ పాయింట్ వెడ్తుండట, కూరల పట్టిక ప్రింట్ గావాలె.

"జల్ది వదినా, కిటికీకి గుచ్చు."

"ముందుగాల పక్షి."

"నేను దొంగనా?"

"నల్లదాన్లున్నోడు గూడ మొకం మీద రాసుకొని రాలే. కూసో."

స్టూల్ మీద కూసున్నడు. ఆయన ముంగట నలుగురున్నరు. నలుగురి పని అయినంక ఆయన పెన్‌డ్రైవ్ పక్షికి గుచ్చి, పట్టిక ఒక్కటే కిటికీకి పంపి ప్రింట్ తీసిన. పట్టిక చేతిల వెట్టి చెప్పిన, "పంచాతి పెద్దలకు నువ్వే చెప్పు. షట్టర్ నడుస్తుంది."