బావగారి బాతు

బావగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ పనికైనా 'ముందు నేను' అనాలి. కొత్త సబ్బు విప్పితే మొదటి నురగ ఆయనదే. కొత్త కుర్చీ వస్తే మొదట కూలబడేదీ ఆయనే. అపార్ట్‌మెంటులో లిఫ్టు బాగుచేసి వెళ్ళిన రోజు, ఎక్కబోతున్న నిండు చూలాలిని కూడా ఆపి మరీ లోపల దూరారు. దూరిన మనిషి రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఇరుక్కుని, సాయంత్రం దాకా అక్కణ్ణుంచే అందరి పరామర్శలకూ జవాబులు చెప్పారు.

ఉద్యోగం కూడా జబ్బుకి అతికినట్టు దొరికింది. ఆయన ఓ ఆఫీసు క్యాంటీనుకి మేనేజరు. ఏ గిన్నె మూత తీసినా మొదటి గరిటె ఆయన నోట్లోకే. "ఈయన జీతానికి రావట్లేదు, రుచికొస్తున్నాడు" అని వంటవాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. ఆయన వింటే కదా!

ఈ జబ్బుతో అందరికన్నా వేగిపోయింది మాత్రం మరదలు, అంటే బావగారి భార్యకి చెల్లెలు. పై అంతస్తులో ఒక గదిలో ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకుని టోపీల మీద, చొక్కా జేబుల మీద బొమ్మలు కుట్టిస్తుంది. కంప్యూటర్‌లో బొమ్మ పెడితే మిషన్ దాన్ని దారంతో కుడుతుంది. ఆ కంప్యూటర్‌ని బావగారే విడిభాగాలు తెచ్చి, డైనింగ్ టేబుల్ మీద పరిచి, స్క్రూడ్రైవర్ పళ్ళమధ్య పట్టుకుని బిగించి ఇచ్చారు. అంతవరకూ బాగానే ఉంది. అదే రోజు అచ్చం అలాంటిదే ఇంకొకటి తనకీ బిగించుకున్నారు. మదర్‌బోర్డు అదే, ర్యామ్ అదే, చివరికి గుర్రుమనే ఫ్యాను కూడా అదే. చాలదన్నట్టు ఎక్కడో పాత ఎంబ్రాయిడరీ మిషన్ ఒకటి పట్టుకొచ్చి పక్కన పెట్టుకున్నారు.

"బావగారూ, మీకు చొక్కాకి గుండీ కుట్టుకోవడం రాదు. మిషనెందుకండీ?"

"సరదా!"

"నాకు పోటీకొస్తారా ఏంటి?"

"నీకేం పోటీ తల్లీ! నాది బాతుల స్పెషలు."

బాతు. ఆయన కుట్టే బొమ్మ అదొక్కటే. కంప్యూటర్‌కి కొత్త అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ముందు తనదాంట్లో ఎక్కించుకుని, క్యాంటీను చేతిగుడ్డ మీద ఒక బాతు కుట్టేవారు. ఆ క్యాంటీనులో చేతులు తుడుచుకునే గుడ్డలన్నిటి మీదా బాతులే. ఒకటి వెల్లకిలా పడి ఉంటుంది. ఒకదానికి మూడు కాళ్ళు. ఇంకొకటి సాగీ సాగీ గుడ్డ చివరిదాకా వెళ్ళిపోయింది. బాతు కుదిరిన రోజున మాత్రం కింద నుంచి కేక వినిపించేది: "అమ్మాయీ! ఇక నువ్వు వేసుకోవచ్చు!" ఈయనగారి ఎంగిలి అప్‌డేట్ నాకా అని మరదలు మూతి తిప్పుకునేది.

ఇలా ఉండగా, ఆపరేటింగ్ సిస్టమే మొత్తం మారిపోయే పెద్ద అప్‌గ్రేడ్ వచ్చింది. సరిగ్గా అప్పుడే మరదలికి ఒక స్కూలు కబురు పెట్టింది. జేబు మీద పుస్తకం, పుస్తకం మీద దీపం కుట్టాలి. నమూనాకని కొన్ని చొక్కాలిచ్చారు. అవి నచ్చితే బడిపిల్లలందరి చొక్కాలూ ఆమెకే. నచ్చకపోతే వేరే షాపువాడు కాచుకుని ఉన్నాడు. రేపు పొద్దున్నే చూపించాలి. వాళ్ళు పంపిన బొమ్మేమో కొత్త సాఫ్ట్‌వేర్‌లో తప్ప తెరుచుకోదు. ఆ సాఫ్ట్‌వేరేమో అప్‌గ్రేడ్ చేస్తే తప్ప ఎక్కదు.

మౌస్ మీద చెయ్యి పెట్టిందో లేదో, కింద నుంచి కేక.

"ముందు నేనూ!"

"నాకు రేపటికల్లా కావాలి బావగారూ!"

"మధ్యాహ్నానికల్లా చెప్తా! ముట్టుకోకు!"

మధ్యాహ్నం వచ్చింది, వెళ్ళింది. అక్క మెట్ల దగ్గర నిలబడి ఎప్పటికప్పుడు వార్తలు చదువుతోంది.

"స్క్రీను నల్లబడిందటే!"

"పెట్టె విప్పి ర్యామ్ పీకారే! రబ్బరు పెట్టి రుద్దుతున్నారు!"

"వెలిగిందే! కానీ అంతా తలకిందులుగా ఉంది."

"మరిప్పుడేం చేస్తున్నారు?"

"మానిటర్‌ని తలకిందులు చేసి పెట్టారే!"

మరదలికి ఒళ్ళు మండిపోయింది. ఈయన ముందుండాలన్న యావకి నా నోటి దగ్గర కూడు పోవాలా? గబగబా మెట్లు దిగింది. ఇవాళ ఆ మాటేదో మొహానే అనేద్దామని నిశ్చయించుకుంది.

బావగారు టేబుల్ కింద కాళ్ళు చాపుకుని ఉన్నారు. చుట్టూ తీగలు, స్క్రూలు, విప్పేసిన పెట్టె తలుపు. మానిటర్‌ని మాత్రం ఈపాటికి సరిగ్గా నిలబెట్టారు.

"నేను నొక్కేస్తున్నా బావగారూ! ఇక ఆగను!"

"నొక్కు. ఇది చూసి నొక్కు" అని ఒక చేతిగుడ్డ అందించారు.

బాతు ఉంది. కాళ్ళున్నాయి, పొట్ట ఉంది, రెక్క ఉంది, మెడ సగందాకా ఉంది.

"తలేది?"

"పొద్దుట్నుంచీ దానికోసమే వెతుకుతున్నా" అన్నారాయన.

పక్కన అలాంటి తలలేని బాతుల గుట్టే ఉంది. మరదలు వాటిని ఒక్కొక్కటే తిరగేసింది. మిషన్ కింద నుంచి పైకి కుట్టుకుంటూ పోతుంది. స్కూలు బొమ్మలోనూ పుస్తకం కిందా, దీపం పైనా. పొద్దున్నే తను మీట నొక్కేసి ఉంటే, దీపంలేని పుస్తకాలతో ఆ చొక్కాలన్నీ పాడయ్యేవి. స్కూలువాళ్ళు మళ్ళీ చొక్కాలిస్తారా? ఛస్తే ఇవ్వరు.

"తీగ మార్చా. డ్రైవర్ తీసి మళ్ళీ వేశా. అయినా మెడ దగ్గరే చచ్చిపోతోంది" అన్నారు బావగారు దిగులుగా.

"ఏదీ, ఇంకోటి కుట్టండి, చూస్తాను."

మిషన్ కాళ్ళు కుట్టింది, పొట్ట కుట్టింది, మెడ దగ్గర ఆగింది. తల ఆకుపచ్చ కాబట్టి దారం మార్చాలి. బావగారు కళ్ళజోడు సవరించుకుని దారం తడిచేసి సూదిలోకి గురిపెట్టారు. తప్పింది. మళ్ళీ గురిపెట్టారు. మళ్ళీ తప్పింది. ఈలోగా మిషన్ మీద చిన్న దీపం టక్కున ఆరిపోయింది.

"అదిగో! మీరు దారం ఎక్కించేలోపే కంప్యూటర్ మిషన్ని వదిలేసింది!" అని అరిచింది మరదలు.

బావగారు నుదురు కొట్టుకున్నారు. "ఓరి దీని పొదుపు మండ! ఈ కొత్త సిస్టమ్ కరెంటు ఆదా చేస్తానని, పని లేదనుకుని మిషన్ తీగ తగిలించిన పోర్టుని నిద్రపుచ్చుతోంది!"

సెట్టింగుల్లో ఆ పొదుపు తీసేశారు. దారం మరదలు ఎక్కించింది. మిషన్ మళ్ళీ కదిలింది, నిగనిగలాడే ఆకుపచ్చ తల దిగింది. బావగారు ఆనందం పట్టలేక, పక్కనే నిలబడ్డ మనిషి చెవులు చిల్లులు పడేలా కేకేశారు.

"అమ్మాయీ! ఇక నువ్వు వేసుకోవచ్చు!"

మరదలు ఆ పెట్టెకేసి చూసింది. మదర్‌బోర్డు అదే, ర్యామ్ అదే, ఫ్యాను అదే.

"బావగారూ, నిజం చెప్పండి. నాలాంటిదే మీరెందుకు బిగించుకున్నారు?"

"షాపువాడు జతగా అంటగట్టాడు."

"అంతా అబద్ధం!" అంది అక్క వంటింట్లోంచి. "నీ కంప్యూటర్‌కొచ్చే తంటాలన్నీ ముందు తనదానికే రావాలని ఏరి ఏరి కొన్నారు. నీతో చెప్తే తన మీద ఒట్టన్నారు. ఒట్టు తీసి గట్టున పెట్టాను పో!"

మరదలికి ఎందుకో లిఫ్టు దగ్గర నిలబడ్డ చూలాలు గుర్తొచ్చింది. బావగారి మీద గొప్ప ప్రేమ పుట్టుకొచ్చింది.

"అదేం లేదు. నాకు ఆత్రం ఎక్కువ, అంతే" అని గొణుగుతూ ఆయన మళ్ళీ టేబుల్ కిందికి దూరిపోయారు.

స్కూలువాళ్ళకి దీపం నచ్చింది. ఆ కబురు చెప్పడానికి మరదలు తిన్నగా క్యాంటీనుకి వెళ్ళింది. వెళ్ళేసరికి వంటమనిషి పెద్ద గిన్నె మూత తీస్తున్నాడు. బావగారు గరిటె పట్టుకుని, "ముందు..." అనబోయారు. మరదలు చటుక్కున గరిటె లాక్కుంది.

"ఇవాళ ముందు నేను!"

నోట్లో పెట్టుకుంది. కళ్ళు రెండూ గట్టిగా మూసుకుపోయాయి. కాసేపటికి ఎలాగో మింగింది.

"మీరు ముట్టుకోకండి బావగారూ. ఇందులో ఉప్పు రెండుసార్లు పడింది. బాగుచేయించి మధ్యాహ్నానికల్లా చెప్తా!"

బావగారు మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, మూతి తుడుచుకోమని మూడుకాళ్ళ బాతు గుడ్డ అందించారు.