సిస్టర్‌కి ముందే తెలిసిన కథ

మా సీతమ్మధార క్లినిక్‌లో నేను రిసెప్షన్ చూస్తాను. హెడ్ నర్సు మలయాళీ. ఆవిడని అందరం సిస్టర్ అనే పిలుస్తాం. హిందీ సినిమాకి రమ్మంటే మొహం చిట్లిస్తుంది. "అందులో మా వాళ్లని పెట్టేది నవ్వుకోడానికే" అంటుంది. వాళ్ల సినిమాలే గొప్పవనే గీర కాబోలు అనుకునేదాన్ని.

ఒక సోమవారం, ముందురోజు మావారితో చూసొచ్చిన హిందీ సినిమా కథ టీ తాగుతూ చెబుతున్నాను. హోటళ్ల యజమాని కూతురు కనిపించకుండా పోతుంది. సగంలోనే ఆవిడ అడ్డుపడింది.

"తిరిగొచ్చాక తండ్రితో మాట్లాడదు. అవునా?"

"మీరు సూసేసినారేటి సిస్టర్?"

"హిందీది చూడలేదు. ఆ కథ మాది. మా సినిమాలో తండ్రి పడవ నడుపుతాడు."

నేను నమ్మలేదు. ఇంట్లో చెబితే మావారూ నమ్మలేదు. "దొంగసాటుగా సూసేసి గొప్పలు పోతంది. నాను సెప్తన్నాను కదా!"

మర్నాడు భోజనాల వేళ ఆవిడ ఫోను నా ముందు పెట్టింది. పడవ ఉంది, తండ్రీ ఉన్నాడు. రోజూ కొంచెం కొంచెంగా చూశాం. చివర్లో తండ్రి కూతురికి అన్నం పెట్టి, ఆమె తినేదాకా ఎదురుగా కూర్చుంటాడు. అంతే.

"హిందీలో పది మందిని కొట్టినాకే అన్నం పెడతాడు" అన్నాను.

"పడవవాడైతే ఎవరు చూస్తారని?" అందావిడ.

ఆ ఆదివారం తనే నన్ను గాజువాక హాలుకి తీసుకెళ్లింది. ఏం తీసేశారో చూడాలట. తనిఖీకి వచ్చినట్టు చేతులు కట్టుకుని కూర్చుంది. మలయాళీ వంటవాడు వచ్చీరాని హిందీ మాట్లాడితే హాలంతా నవ్వింది. నేను నవ్వానేమోనని ఆవిడ నావైపు తిరిగి చూసింది. అన్నం సీను మాత్రం ఉన్నదున్నట్టే తీశారు. కూతురు మొదటి ముద్ద పెట్టుకోగానే ఆవిడ కొంగుతో కళ్లద్దుకుంది.

అందరూ లేచినా ఆవిడ లేవలేదు. "మా రచయిత పేరు వేస్తారో లేదో చూడాలి." పేర్లు ఇంకా వస్తుండగానే బొమ్మ ఆపేసి లైట్లు వేసేశారు.

"ఏసే ఉంటారు లెండి సిస్టర్."

"నువ్వు చూశావా?"

మొదటిసారి వచ్చినప్పుడు విశ్రాంతి కార్డు తప్ప తెరమీద ఏ అక్షరమూ చదవలేదు నేను. ఇంటికి రాగానే మావారిని అడిగాను, "బావా, ఆ కథ ఎవులిదని ఏసినారు?"

"ఎవులిదైతే ఏటే? బాగుంది కదా."

నాకూ బాగుంది. అదే నన్ను నిద్రపోనివ్వలేదు.