మోకాలు పట్టేసిన రోజు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. కలకత్తాలో ఒక క్లబ్బుకు జీతానికి ఫుట్‌బాల్ ఆడేదాన్ని. మోకాలికి రెండో ఆపరేషన్ కూడా అయ్యాక ఇక ఆడొద్దన్నారు. కిట్ బ్యాగు భుజానేసుకుని మా బాన్సువాడకు వచ్చేశాను. ఎవరితోనూ మాట్లాడాలనిపించేది కాదు, మోకాలిని తిట్టుకుంటూ పడుకుంటే చాలనిపించేది.

వారం తిరక్కుండానే నేను చదివిన బడిలో సన్మానమన్నారు. కోతల రోజులు కదా, గ్రౌండు సగం వడ్లు ఆరబోసి ఉంది. నాకు శాలువా కప్పిన హెడ్‌మాస్టరు బంతి తెప్పించి, "ఒక్క కిక్కు కొట్టి చూపెట్టు బిడ్డా, పిల్లలు చూస్తరు" అన్నారు. ఒంటి మీద పట్టుచీర. వద్దనే ఓపిక కూడా లేక కాలు లేపాను. మోకాలు పట్టేసింది. బంతి ఉన్నచోటే ఉంది, నేను మాత్రం వెళ్లి వడ్ల కుప్ప మీద బోర్లా పడ్డాను. పిల్లలంతా గొల్లున నవ్వారు.

వడ్లు తిరగేస్తున్న కూలి అవ్వ ఒకామె వచ్చి నన్ను లేపి కూర్చోబెట్టింది. మోకాలు ఒత్తి చూసింది.

"నాట్లేసి నాట్లేసి నాయి గూడ గిట్లనే అయినయి. నువ్వేం పని జేసినవ్ బిడ్డా?"

"పని గాదవ్వా. బంతాట ఆడిన."

అవ్వ నా మొహంలోకి వింతగా చూసింది.

"ఆటల పోయిందా! నసీబున్నదానివే. మాయి ఎవలెవల పొలాలల్లనో పోయినయి."

ఆ శాలువా ఎటు పోయిందో తెలియదు. మెట్లెక్కుతుంటే మోకాలు ఇప్పటికీ కలుక్కుమంటుంది. నొప్పి తగ్గలేదు గానీ, దాన్ని తిట్టుకోవడం మాత్రం ఆ రోజే మానేశాను.